కోడి తగాదాతో కొండంతైన పికప్పు

డల్లాస్ పక్కన ఫ్రిస్కోలో మా అన్నయ్య ఉంటాడు. నిరుడు అక్కడికి వెళ్లినప్పుడు, పూజగదిలో అరలు బిగించుకుందామని ఒక శనివారం ఇద్దరం ప్లైవుడ్ కొనడానికి బయలుదేరాం. అన్నయ్యది పెద్ద పికప్పు. నాలుగు తలుపులు, అయిదుగురు కాళ్లు చాపుకొని కూర్చునే క్యాబిన్, నా ఛాతీ దాకా వచ్చే బానెట్. పొడవు 19 అడుగుల పైమాటే. అంత బండికి వెనుక సామాను వేసుకునే తొట్టి మాత్రం అయిదున్నర అడుగులే. ప్లైవుడ్ పలకలేమో ఎనిమిది అడుగులు. వెనుక తలుపు దించి, దాని మీదుగా పలకలు బయటికి పొడుచుకొస్తుంటే తాడు బిగించి, చివర ఎర్ర గుడ్డ కట్టి ఇంటికి తెచ్చుకున్నాం.

అదే పార్కింగ్‌లో రెండు వరుసల అవతల ఒక పెద్దాయన జపాన్ నుంచి తెప్పించుకున్న బుల్లి ట్రక్కులోకి మట్టి బస్తాలు ఎత్తుకుంటున్నాడు. వీటిని జపాన్‌లో కే ట్రక్కులంటారు. అక్కడి చట్టం ప్రకారం వాటి పొడవు 3.4 మీటర్లు, వెడల్పు 1.48 మీటర్లు, ఇంజిన్ 660 సీసీ దాటకూడదు. మన టాటా ఏస్ కంటే పొట్టి బండి. ఆయనను అడిగి, అప్పుడే కొన్న టేపుతో తొట్టి కొలిచాను. ఆరడుగుల నాలుగు అంగుళాలు. మా అన్నయ్య బండి పొడవులో సగానికి కాస్త ఎక్కువ ఉన్న ఆ బండి, బరువు మోసే చోటు దగ్గరకు వచ్చేసరికి దాదాపు పది అంగుళాలు మించిపోయింది. మూడు వైపులా పలకలు కిందికి దిగుతాయి కాబట్టి బస్తా ఎత్తడానికి ఎక్కడ నిలబడినా చేతికి అందుతుంది.

మోటుగా పని చేసే చిన్న బండి అంటే నాకు మొదటినుంచీ ప్రాణం. అందుకే ఆ రోజు నుంచి ఒక ప్రశ్న వదలలేదు. ప్రపంచంలో పికప్పులను అమెరికన్లంత ప్రేమించేవాళ్లు లేరు. అలాంటి దేశంలో చిన్న పికప్పు ఎందుకు కరవైంది? అడిగితే ఎవరైనా ఇచ్చే జవాబు ఒకటే: అమెరికా వాళ్లకు ఏదైనా పెద్దదే కావాలి. ఇందులో కొంత నిజం ఉంది. కానీ 1970లు, 80లలో అదే అమెరికన్లు టయోటా, డాట్సన్, ఇసుజు చిన్న ట్రక్కులను ఎగబడి కొన్నారు. ఇష్టం ఒక్కటే ఇంత మార్పు తేలేదు. దాని వెనుక రెండు నిబంధనలున్నాయి. ఒకటి కోళ్ల మీద తగాదాలో పుట్టింది, రెండోది ఇంధనం పొదుపు చేయాలన్న సదుద్దేశంతో పుట్టింది.

కోళ్ల కథతోనే మొదలుపెట్టాలి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికాలో కోళ్ల పెంపకం పరిశ్రమ స్థాయికి చేరి, కోడి మాంసం ధర బాగా పడిపోయింది. యూరప్‌లో అప్పటికి కోడికూర అంటే పండుగపూట వంటకం. గడ్డకట్టించిన అమెరికా కోళ్లు చవగ్గా పశ్చిమ జర్మనీ మార్కెట్లోకి వచ్చిపడటంతో అక్కడి రైతులు గగ్గోలు పెట్టారు. 1962లో, ఇప్పటి యూరోపియన్ యూనియన్‌కు తొలి రూపమైన యూరోపియన్ ఆర్థిక సమాజం ఉమ్మడి వ్యవసాయ విధానం కింద దిగుమతి కోళ్ల మీద సుంకం పెంచింది. ఆర్కాన్సా కోళ్లకు పెట్టింది పేరు. ఆ రాష్ట్ర సెనేటర్ విలియం ఫుల్‌బ్రైట్ అణ్వాయుధాల మీద నాటో చర్చలో కూడా కోళ్ల సంగతి ఎత్తారు. అమెరికా అధ్యక్షుడు కెనడీతో తన ఉత్తర ప్రత్యుత్తరాల్లో సగం కోళ్ల గురించేనని జర్మన్ చాన్సలర్ అడెనావర్ అన్నట్టు నాటి పత్రికలు రాశాయి. బెర్లిన్ గోడ లేచి ఎంతో కాలం కాని రోజులవి.

రాజీ కుదరలేదు. అమెరికాకు జరిగిన నష్టం 2.6 కోట్ల డాలర్లని, దేశాల మధ్య వాణిజ్యానికి నియమాలు పెట్టిన గాట్ ఒప్పందం కింది నిపుణుల బృందం తేల్చింది. అంత విలువకు బదులు తీర్చుకునే హక్కు అమెరికాకు దక్కింది. కెనడీ హత్య జరిగిన రెండు వారాలలోపే, 1963 డిసెంబర్ 4న, కొత్త అధ్యక్షుడు లిండన్ జాన్సన్ ప్రకటన జారీ చేశారు. బంగాళదుంప పిండి, డెక్స్‌ట్రిన్ అనే జిగురు పదార్థం, బ్రాందీతో పాటు తేలికపాటి ట్రక్కుల దిగుమతి సుంకం పెరిగింది. ట్రక్కుల మీద అది 25 శాతం. 1964 జనవరి 7 నుంచి అమల్లోకి వచ్చింది.

ట్రక్కులనే ఎందుకు ఎంచుకున్నారు? గాట్ నియమం ప్రకారం సుంకం వేస్తే అన్ని దేశాలకూ ఒకేలా వేయాలి, ఒక దేశం పేరు పెట్టి వేయకూడదు. అందుకని ఆ రోజుల్లో ప్రధానంగా యూరప్ నుంచే వచ్చే సరుకులను ఏరారు. ట్రక్కుల వరుసలో గురి ఫోక్స్‌వాగన్ మీద. దాని వ్యాన్లు, వాటి ఆధారంగా చేసిన పికప్పులు అప్పుడు అమెరికాలో బాగా అమ్ముడవుతున్నాయి. ఆటో కార్మికుల సంఘం అధ్యక్షుడు వాల్టర్ రూథర్‌కు ఆ దిగుమతులు కంటగింపుగా ఉన్న సంగతీ ఈ ఎంపికలో పనిచేసిందని వైట్‌హౌస్ సంభాషణల టేపులు తర్వాత బయటపెట్టాయి. జపాన్ పికప్పులు అప్పటికి లెక్కలోకి రానంత తక్కువ. గురి జర్మనీదే అయినా వల అందరిదీ కావడంతో, పదేళ్లు తిరిగేసరికి అందులో జపాన్ పడింది.

కాలక్రమంలో పిండి, డెక్స్‌ట్రిన్, బ్రాందీల మీద సుంకం తీసేశారు. ట్రక్కుల మీది 25 శాతం మాత్రం అరవై ఏళ్లు దాటినా కదల్లేదు. 2025 దాకా దశాబ్దాల పాటు కార్లకు సుంకం 2.5 శాతమే ఉన్న దేశంలో ట్రక్కుకు పదింతలు. దీన్నే అక్కడివాళ్లు ‘కోడి పన్ను’ అంటారు.

కోడి మాంసం మీద అమెరికాతో పేచీ మనకూ ఉంది. బర్డ్ ఫ్లూ కారణంగా భారత్ పెట్టిన ఆంక్షలు చెల్లవని ప్రపంచ వాణిజ్య సంస్థ అప్పీలు విభాగం 2015లో తీర్పు చెప్పినప్పుడు, అమెరికా కోడి కాళ్లు చవగ్గా దిగుతాయేమోనని మన కోళ్ల రైతులు కలవరపడ్డారు. 1962లో జర్మన్ రైతు భయం ఎలాంటిదో మన పౌల్ట్రీ రైతుకు వేరే చెప్పనక్కర్లేదు.

సుంకం ఉన్నచోట సందు వెతికేవాళ్లుంటారు. తొట్టి లేకుండా, ఇంజిన్, క్యాబిన్, ఛాసిస్ మాత్రమే ఉన్న బండికి అప్పట్లో సుంకం 4 శాతమే. కాబట్టి జపాన్ కంపెనీలు అలాగే ఓడ ఎక్కించి, అమెరికా రేవులో దింపాక తొట్టి బిగించాయి. ఫోర్డ్, జనరల్ మోటార్స్ కూడా ఈ దారినే పట్టాయి. ఫోర్డ్ కొరియర్ పేరుతో అమ్మినది మాజ్దా చేసిన బండి. షెవర్లే లవ్ పేరుతో 1972లో వచ్చినది ఇసుజు చేసిన బండి. ఆ ఇసుజు వంశంలో ఇప్పటి తరం డీ-మ్యాక్స్. దాన్నే వీ-క్రాస్ పేరుతో తిరుపతి జిల్లా శ్రీసిటీలో 2016 నుంచి తయారు చేస్తున్నారు. తడ దాటి చెన్నై వైపు వెళ్లే దారిలో ఆ బండి కనిపించినప్పుడల్లా, ఒకప్పుడు తొట్టి లేకుండా పసిఫిక్ దాటిన దాని పూర్వీకులు నాకు గుర్తొస్తాయి.

1980లో ఆ సందు మూసేశారు. అప్పటికే సుబారు ఇంకో ఉపాయం పన్నింది. 1978లో తెచ్చిన బ్రాట్ అనే చిన్న పికప్పు తొట్టిలో వెనక్కి తిరిగి ఉండే రెండు ప్లాస్టిక్ సీట్లు బిగించి, కింద కార్పెట్ పరిచింది. మనుషులు కూర్చుంటారు కాబట్టి ఇది ట్రక్కు కాదు, కారు అని కస్టమ్స్ ముందు వాదించింది. ఎండకు, గాలికి ఎదురొడ్డి, పట్టుకోవడానికి రెండు పిడులు తప్ప ఏమీ లేని ఆ సీట్లు ఒక సుంకం పట్టికకు ఇచ్చిన జవాబు.

మెర్సిడెస్ స్ప్రింటర్ వ్యాన్ల తీరు ఇంకోలా నడిచింది. జర్మనీలో పూర్తిగా తయారైన వ్యాన్లను మళ్లీ విప్పి, విడి భాగాలుగా ఓడలో పంపి, దక్షిణ కరోలినాలో తిరిగి బిగించేవారు. ఒకే బండిని రెండుసార్లు కట్టినా, 25 శాతం కట్టడం కంటే అదే చవక.

అన్నిటికంటే నన్ను కలచివేసిన ఉదాహరణ ఫోర్డ్‌ది. అరవైలలో విదేశీ పోటీ నుంచి ఈ సుంకం కాపాడింది ఎవరినో వాళ్లలో ఫోర్డ్ ఒకటి. అదే కంపెనీ 2009 నుంచి ట్రాన్సిట్ కనెక్ట్ అనే సరుకుల వ్యాన్‌ను టర్కీ నుంచి తెచ్చేది. సరుకుల వ్యాన్‌గా తెస్తే 25 శాతం, ప్రయాణికుల బండిగా తెస్తే 2.5 శాతం. కాబట్టి ప్రతి వ్యాన్‌కూ వెనుక సీట్లు, కిటికీలు పెట్టి ఓడ ఎక్కించి, బాల్టిమోర్ రేవులో దిగగానే ఆ సీట్లు ఊడబీకి ముక్కలు చేయించేది. ఎవరూ ఒక్కసారైనా కూర్చోని కొత్త సీట్లు! ఏళ్ల తరబడి నడిచిన కోర్టు వ్యవహారం 2024 మార్చిలో ముగిసింది. లక్షా 62 వేలకు పైగా వ్యాన్ల విషయంలో 36.5 కోట్ల డాలర్లు కట్టడానికి ఫోర్డ్ ఒప్పుకుంది.

మన కంపెనీ కూడా ఈ గోడ దగ్గర ఆగిన సంగతి చాలామందికి తెలియదు. అమెరికాలో డీజిల్ పికప్పులు అమ్మాలని మహీంద్రా 2006లో అక్కడి పంపిణీదారుతో ఒప్పందం చేసుకుంది. విడి భాగాలుగా పంపి అక్కడే బిగిస్తే కోడి పన్ను తప్పుతుందన్నది పథకం. డీలర్లు డబ్బు కట్టి ఎదురుచూశారు. 2010లో అక్కడి పర్యావరణ సంస్థ ధ్రువీకరణ కూడా వచ్చింది. అదే ఏడాది ఒప్పందం తెగిపోయి, వ్యవహారం కోర్టులకెక్కింది. ఆ పికప్పు అమెరికా రోడ్డెక్కనే లేదు. ఒప్పందం తెగడానికి కారణం సుంకం ఒక్కటే అనడం సబబు కాదు. కానీ గోడ ఎంత ఎత్తుంటే, దాన్ని దాటడానికి వేసుకునే నిచ్చెన అంత సన్నబడుతుంది.

సుంకం వల్ల అమెరికాకు మేలు జరగలేదా అంటే జరిగింది. నిస్సాన్ టెన్నెసీలోని స్మర్నాలో పెట్టిన కర్మాగారం 1983లో మొదటగా చేసింది పికప్పునే. టయోటా కూడా అమెరికాలోనే ట్రక్కులు చేయడం మొదలుపెట్టి, ఇప్పుడు టెక్సస్‌లోని శాన్ ఆంటోనియోలో టండ్రా పికప్పు చేస్తోంది. వేల కుటుంబాలకు పని దొరికింది. నేను దాన్ని చిన్నచూపు చూడను. కానీ అమెరికా మార్కెట్ కోసమే ప్రత్యేకంగా కర్మాగారం పెట్టినవాడు ఆ మార్కెట్‌లో ఎక్కువ లాభమిచ్చే బండే చేస్తాడు. పెద్ద బండిలో మిగులు ఎక్కువ, చిన్న బండిలో తక్కువ. థాయ్‌లాండ్‌లోనో మరోచోటో లక్షల్లో తయారయ్యే చిన్న పికప్పుల్లోంచి కొన్ని వేలు తెచ్చి అమ్మి చూద్దామన్న ప్రయోగానికి 25 శాతం సుంకం చోటివ్వదు. చిన్న బండి లాభమే అంతకంటే తక్కువ. ప్రపంచమంతా తిరిగే టయోటా హైలక్స్ అమెరికా షోరూముల్లో కనిపించకపోవడానికి ముఖ్య కారణాల్లో ఇదొకటి.

ఇక రెండో నిబంధన. 1973 చమురు సంక్షోభం తర్వాత, 1975లో అమెరికా కాంగ్రెస్ ఒక చట్టం చేసింది. ప్రతి కంపెనీ అమ్మే బండ్లన్నిటి సగటు మైలేజీ ఒక స్థాయికి తగ్గకూడదు. వీటినే కేఫ్ ప్రమాణాలంటారు. అప్పట్లో ట్రక్కు అంటే రైతుదో మేస్త్రీదో కాబట్టి ట్రక్కులకు వేరే లెక్క, కాస్త సడలింపు ఇచ్చారు. తర్వాత ఎస్‌యూవీలు కూడా ట్రక్కుల లెక్కలోకే చేరి ఆ సడలింపు అనుభవించాయి.

అసలు మలుపు ఆ తర్వాత వచ్చింది. 2008 మోడల్ నుంచి ట్రక్కులకు కొత్త పద్ధతి మొదలుపెట్టారు. నాలుగు చక్రాలు నేలకు ఆనే నాలుగు చోట్లను గీతలతో కలిపితే ఒక దీర్ఘచతురస్రం వస్తుంది. దాని వైశాల్యాన్ని బట్టి మైలేజీ లక్ష్యం. చతురస్రం చిన్నదైతే లక్ష్యం కఠినం, పెద్దదైతే సులువు. ఈ పద్ధతి పెట్టినవాళ్ల ఉద్దేశం మంచిదే. అందరికీ ఒకే లక్ష్యం పెడితే కంపెనీలు బండ్లను కుదించేసి భద్రతను గాలికొదిలేస్తాయని భయం. బరువును బట్టి పెడితే ఇనుము కలిపి బరువు పెంచుతారని భయం. చక్రాల మధ్య దూరం పెంచాలంటే బండి రూపకల్పనే మార్చాలి కాబట్టి అంత తేలిగ్గా ఎవరూ మోసం చేయలేరని అనుకున్నారు.

లెక్క చూడండి. 2025 మోడల్ కోసం 2012లో నిర్ణయించిన లక్ష్యాల్లో, 43 చదరపు అడుగుల చిన్న ఎస్‌యూవీ గాలన్‌కు 47.5 మైళ్లు ఇవ్వాలి. 67 చదరపు అడుగుల పెద్ద పికప్పుకు 33 మైళ్లు చాలు. మన లెక్కలో మొదటిది లీటరుకు 20 కిలోమీటర్లు, రెండోది 14. ప్రయోగశాల పరీక్షలో వచ్చే అంకెలివి. ఆ లక్ష్యాలను తర్వాతి ప్రభుత్వాలు మార్చాయి గానీ వాలు మాత్రం అటే. చిన్న పికప్పు సంగతి ఆలోచించండి. దాని చక్రాల చతురస్రం చిన్న ఎస్‌యూవీ అంతే. కానీ బరువులు మోయాలి కాబట్టి గట్టి ఛాసిస్ కావాలి, గాలిని చీల్చుకుపోయే నున్నని ఆకారం రాదు, వెనుక తొట్టిలో గాలి సుడులు తిరుగుతుంది. 20 కిలోమీటర్ల పరీక్షలో అది తప్పుతుంది. అదే బండిని సాగదీసి, వెడల్పు చేస్తే పరీక్ష సులువవుతుంది, ధర పెంచే వీలూ వస్తుంది. అప్పుడు ఏ ఇంజినీరైనా ఏం చేస్తాడు?

ఫోర్డ్ రేంజర్ జరిగిందంతా కళ్లకు కట్టిస్తుంది. మిన్నెసోటా రాష్ట్రం సెయింట్ పాల్‌లో తయారైన ఆ చిన్న పికప్పు 2011 డిసెంబర్‌లో ఆగిపోయింది. కర్మాగారమూ మూతపడింది. అదే పేరు 2019లో తిరిగొచ్చినప్పుడు బండి ముందటి కంటే బాగా పెద్దది.

కొనేవాళ్ల ఇష్టాన్ని నేను తోసిపుచ్చడం లేదు. టెక్సస్‌లో పడవనో గుర్రాల ట్రైలర్‌నో లాగేవాళ్లకు పెద్ద ఇంజిన్ అవసరమే. పిల్లలను బడికి, వారాంతంలో సామాన్లకు ఒకే బండి కావాలనుకునే కుటుంబానికి నాలుగు తలుపుల పికప్పు నచ్చుతుంది. క్యాబిన్ పెరిగిన కొద్దీ తొట్టి కుంచించుకుపోవడానికి కారణం అదే. 6 వేల పౌండ్లు దాటిన బండిని వ్యాపారానికి వాడితే ఆదాయపు పన్నులో పెద్ద మినహాయింపు కూడా ఉంది. అన్నయ్యను అడిగితే తన జవాబు సూటిగా ఉంది: “చిన్నది దొరికితే చూసేవాణ్నేమో. షోరూములో లేనిదాన్ని ఎలా కోరుకుంటాను?” ఫోర్డ్ ఎఫ్-సిరీస్ 1977 నుంచి అమెరికాలో అత్యధికంగా అమ్ముడయ్యే ట్రక్కు అని మార్కెట్ రుచికి రుజువుగా చెబుతారు. గిన్నెలో ఒకే కూర పెట్టి అందరికీ అదే ఇష్టమనడం లాంటిదిది.

ఈ పెరుగుదలకు మూల్యం రోడ్డు మీద నడిచేవాళ్లు చెల్లిస్తున్నారు. అమెరికాలో హైవే భద్రతపై పనిచేసే బీమా కంపెనీల సంస్థ 2023లో వెల్లడించిన అధ్యయనం ప్రకారం, బానెట్ ఎత్తు 40 అంగుళాలు దాటిన బండ్లు పాదచారులను ఢీకొంటే ప్రాణం పోయే అవకాశం, 30 అంగుళాల లోపు ఉండి ముందుకు వాలిన బండ్లతో పోలిస్తే దాదాపు 45 శాతం ఎక్కువ. తక్కువ ఎత్తు బండి కాళ్లకు తగిలి మనిషిని బానెట్ మీదకు తోస్తుంది. ఎత్తైన నిలువు ముఖం ఛాతీకి, తలకు తగిలి కిందకు తొక్కుతుంది. అన్నయ్య వాళ్ల ఆరేళ్ల పాప ఆ బండి ముందు నిలబడితే డ్రైవర్ సీట్లోంచి నాకు జడ రిబ్బన్ కూడా కనిపించలేదు. ఆ రోజు నుంచి ఆమె ఇంటి ముందు ఆడుకుంటున్నప్పుడు బండి తీయాలంటే ఒకరు బయట నిలబడుతున్నారు.

ఇప్పుడు గాలి కాస్త మారుతున్నట్టు కనిపిస్తోంది. 2021లో ఫోర్డ్ మావెరిక్ అనే పికప్పును హైబ్రిడ్ ఇంజిన్‌తో, 20 వేల డాలర్లకు కాస్త తక్కువ ప్రారంభ ధరతో తెచ్చింది. జనం ముందస్తు బుకింగులకు క్యూ కట్టారు. అది మెక్సికోలోని హెర్మొసీయోలో తయారవుతుంది, ఉత్తర అమెరికా వాణిజ్య ఒప్పందం వల్ల దానికి కోడి పన్ను వర్తించలేదు. హైబ్రిడ్ కాబట్టి మైలేజీ పరీక్షనూ దాటింది. రెండు గోడలూ దాటిన చిన్న బండి దొరికితే కొనేవాళ్లున్నారని తేలిపోయింది. ఆ తర్వాత ఏటేటా దాని ధర పెరుగుతూ పోవడం మాత్రం బాధ కలిగించే విషయం. 2025 సెప్టెంబర్ నాటికి అమెరికాలో కొత్త బండి సగటు ధర 50 వేల డాలర్లు దాటింది.

2025 ఏప్రిల్‌లో స్లేట్ అనే కొత్త కంపెనీ ఒక విద్యుత్ పికప్పును చూపించింది. రెండే సీట్లు, రంగు వేయని ప్లాస్టిక్ ఒళ్లు, చేత్తో తిప్పే కిటికీలు, తెరలూ రేడియో లేని డ్యాష్‌బోర్డు. అదే ఏడాది ఆగస్టులో ఫోర్డ్ 30 వేల డాలర్ల ధరకు విద్యుత్ పికప్పును లూయీవిల్‌లో తయారు చేసి 2027లో తెస్తానంది. విద్యుత్ బండికి మైలేజీ చతురస్రం బెడద లేదు, అక్కడే తయారైతే సుంకమూ లేదు. కేఫ్ ప్రమాణాలు తప్పితే వేసే జరిమానాను 2025 జూలై చట్టం సున్నా చేసేసింది. దానివల్ల చిన్న ట్రక్కులు తిరిగొస్తాయా, ఉన్న పెద్ద బండ్లకే ఇంకా పెద్ద ఇంజిన్లు పడతాయా అంటే, రెండోదే ముందు జరుగుతుందని నా అంచనా. లాభం ఎటుందో కర్మాగారం అటే పోతుంది. పైగా కోడి పన్ను అలాగే ఉంది. దక్షిణ కొరియా ట్రక్కుల మీద 2021లో తీసేయాల్సిన సుంకాన్ని 2018లోనే 2041 దాకా పొడిగించారు.

ఇదంతా అమెరికా గొడవ అనుకునే వీలు మనకు లేదు. నాలుగు మీటర్ల లోపు కారుకు తక్కువ పన్ను అన్న నియమం వల్లనే మన దేశంలో మారుతి డిజైర్ 2012లో వెనుక డిక్కీ కోసుకుని 3,995 మిల్లీమీటర్లకు కుదించుకుంది. మన కేఫ్ ప్రమాణాలు చక్రాల చతురస్రం మీద కాక బరువు మీద నడుస్తాయి. బరువైన బండికి సడలింపు ఎక్కువ. 2027 ఏప్రిల్ నుంచి తేవాలనుకున్న మూడో విడత ముసాయిదాలో 909 కిలోల లోపు చిన్న పెట్రోలు కార్లకు ఊరట ప్రతిపాదించగా మారుతి సమర్థించింది, టాటా, మహీంద్రా వ్యతిరేకించాయి. ఎవరి వాదన వెనుక ఎవరి కార్ల బరువుందో చూస్తే అర్థమవుతుంది. ఆ ముసాయిదాలోని గీత ఎటు వాలితే, పదేళ్ల తర్వాత మన సందుల్లో తిరిగే బండి ఆకారం అటు మారుతుంది.

ఫ్రిస్కో నుంచి తిరిగొచ్చే ముందు మళ్లీ ఆ దుకాణానికి వెళ్లాం. పెద్దాయన కే ట్రక్కు అక్కడే ఉంది. అమెరికాలో పాతికేళ్లు దాటిన విదేశీ బండినే అలా తెప్పించుకోవచ్చు, దానికీ కోడి పన్ను కట్టాలి. కొన్ని రాష్ట్రాలు రోడ్డు మీద తిరగనివ్వవు. టెక్సస్‌లో అభిమానులు పోరాడి 2024లో రిజిస్ట్రేషన్ సాధించుకున్నారు. ఆయన బండి 1997 నాటిది. వెనుక నంబరు పలక మాత్రం కొత్తగా మెరుస్తోంది.